మధ్య సంపుటాన్ని ఎలా చదవాలి? దేవరకొండ పాఠకురాలికి సమాధానం

ముందుగా ప్రశ్న ఏమిటో నాలుగు మాటల్లో చెబుతాను. దేవరకొండకు చెందిన ఒక డిగ్రీ విద్యార్థినికి హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పెట్టే పాత పుస్తకాల్లో ఒక ఇంగ్లీషు డార్క్ ఫాంటసీ (మాయలు, మంత్రాలు ఉన్న కల్పిత లోకంలో నడిచే చీకటి కథ) సాహసగాథ దొరికింది. అది నాలుగు సంపుటాల కథ, దొరికింది రెండో సంపుటం ఒక్కటే. సగం దాకా చదివారు. అట్ట మీద కత్తి పట్టుకుని నిలబడిన వీరుడు లోపల ఎక్కడో గాని కనిపించడం లేదనీ, ఎవరో కొత్త అమ్మాయి కథ నడుస్తున్నదనీ, మంచివాళ్లే వరుసగా దెబ్బ తింటున్నారనీ, వంద పేజీలు తిప్పినా కథ ఒక అడుగు కూడా ముందుకు పడినట్టు లేదనీ ఆమె రాశారు. మొదటిది చదవకుండా దీన్ని కొనసాగించవచ్చా, ఇంత చీకటి అవసరమా, ఎనిమిదో తరగతి చదివే తమ్ముడికి తరువాత ఇవ్వవచ్చా అని అడిగారు.

మహబూబ్‌నగర్‌లో చాలాకాలం డిగ్రీ తరగతులకు ఇంగ్లీషు సాహిత్యం చెప్పినవాణ్ణి, ఈ తరహా నవలలను ఇష్టంగా చదివేవాణ్ణి కనుక నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను.

అమ్మా, మీరు ఆ పుస్తకాన్ని పక్కన పెట్టకండి. మీకు ఎదురైన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం మధ్య సంపుటం స్వభావం నుంచి పుట్టినవే. మొదటి సంపుటంలో ప్రతిదీ కొత్తగా ఉంటుంది. లోకం కొత్తది, ప్రమాదం కొత్తది, ప్రయాణానికి బయలుదేరే ఉత్సాహం పాత్రలతో పాటు పాఠకుడికీ ఉంటుంది. చివరి సంపుటంలో లెక్కలన్నీ తేలతాయి. ఈ రెండు సుఖాలూ మధ్య సంపుటానికి లేవు. బయలుదేరేటప్పుడు ఆడిన మాటను నిలబెట్టుకోవడానికి ఎవరు ఏమేమి పోగొట్టుకోవాలో అక్కడే తేలుతుంది కనుక, ‘తరువాత ఏమైంది’ అన్న ప్రశ్నతో పాటు ‘ఇప్పుడు ఈ మనిషి ఎలా మారుతున్నాడు’ అన్న ప్రశ్నను కూడా వెంట పెట్టుకుని చదవాలి. ఈ రెండో ప్రశ్న లేకుండా చదివితే ఎంత గొప్ప మధ్య సంపుటమైనా సాగదీసినట్టే ఉంటుంది.

మొదటిది చదవకుండా చదవవచ్చా అన్న విషయానికి వద్దాం. కథను నడిమి నుంచి అందుకోవడం మనకు కొత్త సంగతి కాదు. వానలు మొహం చాటేసినప్పుడు విరాటపర్వం చదివించడం మన పల్లెల్లో పాత ఆచారం. పాలమూరు, నల్లగొండ వంటి మెట్ట ప్రాంతాలవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. పద్దెనిమిది పర్వాల భారతంలో విరాటపర్వం నాలుగోది. చదివేవారు ఆదిపర్వం నుంచి మొదలుపెట్టరు, వినేవారు ముందరి మూడూ ఏవని అడగరు. జూదంలో ఓడిన సంగతి, పన్నెండేళ్ల వనవాసం, ఒక ఏడాది ఎవరి కంటా పడకుండా బతకాలన్న షరతు తెలిసి ఉంటే చాలు. కంకుభట్టు అంటే ధర్మరాజని, వలలుడంటే భీముడని, బృహన్నల అంటే అర్జునుడని, సైరంధ్రి అంటే ద్రౌపది అని తెలిసిన శ్రోత కీచకుడి కథ వింటూ ఊపిరి బిగబట్టుకుంటాడు. ఆ నాలుగు ముక్కలు తెలియనివాడికి అది ఒక రాజుగారి కొలువులో పనివాళ్ల కథగానే వినబడుతుంది. తిక్కన తన భారత రచనను మొదలుపెట్టింది కూడా ఈ పర్వంతోనే. నన్నయ నడుమ విడిచిపోయిన అరణ్యపర్వ శేషాన్ని ఆ తరువాత ఎఱ్ఱన పూర్తి చేశాడు.

కనుక మొదటి సంపుటం నుంచి మీకు నిజంగా కావలసింది చాలా కొద్ది. ముఖ్యులైన నలుగురైదుగురు ఎవరు, వారు ఇప్పటికే పోగొట్టుకున్నది ఏమిటి, వారిని కట్టిపడేసిన మాట లేక శాపం ఏమిటి, శత్రువుకు కావలసింది ఏమిటి. ఈ వివరాలు దొరికితే రెండో సంపుటం ధైర్యంగా చదవవచ్చు. చాలా పుస్తకాల్లో మొదటి అధ్యాయానికి ముందు ‘ఇంతవరకు జరిగిన కథ’ ఒకటి రెండు పేజీల్లో ఉంటుంది. తొందరలో దాన్ని దాటేశారేమో ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. చివరి పేజీల్లో పాత్రల పట్టిక కూడా ఉండవచ్చు. అవి లేకపోతే అంతర్జాలంలో మొదటి సంపుటం ఒక్కదాని సారాంశం వెతకండి. పాత్ర పేరు టైపు చేసి మాత్రం వెతకవద్దు. అలాంటి పేజీల్లో మొదటి వాక్యంలోనే ఆ పాత్ర నాలుగో సంపుటంలో ఎవరి చేతిలో చనిపోతుందో రాసి ఉంటుంది.

ఇక్కడ ఒక తేడా గుర్తించాలి. కొన్ని వరుసల్లో ప్రతి సంపుటానికీ తనదైన మొదలు, తుది ఉంటాయి. కొన్ని వరుసలు నిజానికి ఒకే పెద్ద నవల, అచ్చు సౌకర్యం కోసం ముక్కలైనవి. జె. ఆర్. ఆర్. టోల్కీన్ ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ను ఒకే రచనగా తలపెట్టాడు. యుద్ధానంతరం కాగితం ఖరీదు పెరిగిన రోజుల్లో అంత పెద్ద పుస్తకాన్ని ఒకేసారి వేయడం ప్రచురణకర్తకు భారమై, దాన్ని మూడు సంపుటాలుగా విడదీసి, 1954 జూలైలో ఒకటి, నవంబరులో ఒకటి, 1955 అక్టోబరులో ఒకటి విడుదల చేశారు. మీ చేతిలోని పుస్తకం ఏ రకమో కనిపెట్టడం కష్టం కాదు. మొదటి అధ్యాయం తెలిసిన మనుషులను పరుగు మధ్యలో పట్టుకుంటే అది ముక్కలైన నవల. కొత్త ఊరు, కొత్త మనిషి, కొత్త సమస్యతో తీరిగ్గా మొదలైతే అది తన కాళ్ల మీద నిలబడగలిగిన సంపుటం. కొత్త అమ్మాయి కథ నడుస్తున్నదని మీరు రాశారు కనుక మీది తన కాళ్ల మీద నిలబడే రకానికి దగ్గరగా ఉందనుకుంటున్నాను. ఒకవేళ అది ముక్కలైన నవలే అయితే, మీరు చదివిన సగాన్ని అక్కడితో ఆపి, చలికాలంలో జరిగే హైదరాబాద్ బుక్ ఫెయిర్ వరకో, మరో ఆదివారం వరకో మొదటి సంపుటం కోసం వేచి ఉండడం మంచిది.

వీరుడు కనిపించకపోవడం గురించి. ఉర్సులా కె. లెగ్విన్ రాసిన ‘ఎర్త్‌సీ’ వరుసలో మొదటి పుస్తకం 1968లో వచ్చింది. అందులో గెడ్ అనే మాంత్రికుడి బాల్యం, చదువు, అతడు చేసిన తప్పు, దాని ప్రాయశ్చిత్తం ఉంటాయి. 1971లో వచ్చిన రెండో పుస్తకం ‘ది టూంబ్స్ ఆఫ్ ఆటువాన్’ తెరిచిన పాఠకుడికి గెడ్ చాలాసేపు కనిపించడు. పసితనంలోనే తల్లిదండ్రుల దగ్గరి నుంచి తీసుకుపోయి, చనిపోయిన పూజారిణి మళ్లీ పుట్టిందని చెప్పి, ఉన్న పేరు కూడా తీసేసి, భూమిలోపలి సమాధుల సేవకు అప్పగించిన టెనార్ అనే అమ్మాయి కథ అది. దీపం వెలిగించడానికి వీలులేని ఆ చీకటి సొరంగాలను ఆమె చేత్తో తడుముతూ, మలుపులు లెక్కపెట్టుకుంటూ నేర్చుకుంటుంది. చాలా అధ్యాయాల తరువాత అక్కడ ఒక వెలుగు కనిపిస్తుంది. ఆ వెలుగు పట్టుకున్నవాడు గెడ్. మనకు అతడు మహా మాంత్రికుడు. ఆమె కళ్లకు మాత్రం దేవతల సొత్తు దోచుకోవడానికి వచ్చిన దొంగ. మొదటి పుస్తకం చదివినవారికి తెలిసినది ఆమెకు తెలియదు, ఆమెకు తెలిసినది అతడికి తెలియదు. ఈ ఎడం నుంచే ఆ పుస్తకానికి ప్రాణం వచ్చింది. మొదటి పేజీ నుంచీ గెడ్ వెంటే నడిచి ఉంటే, అతడు ఆ సమాధుల్లో చిక్కుకున్నప్పుడు మనకు కలిగే భయంలో సగం కూడా కలిగేది కాదు. మీ పుస్తకంలోని కొత్త అమ్మాయిని కూడా ఈ దృష్టితో చూడండి. ఆమె గతంలో ఏమి కోల్పోయింది, వీరుడు ఆమె కంట పడినప్పుడు ఎలా కనిపిస్తాడు అన్నది గమనిస్తే ఆ అధ్యాయాలు అడ్డంగా అనిపించవు.

కథ కదలడం లేదన్న ఫిర్యాదుకు మరొక కారణం ఉండవచ్చు. మధ్య సంపుటాల్లో బృందం చీలిపోతుంది. తలా ఒక దారి పడతారు. రచయిత ఒకరిని సరిగ్గా ప్రమాదం అంచున వదిలి ఇంకొకరి దగ్గరికి పోతాడు. అప్పుడు చాలామంది ఒక పాత్ర అధ్యాయాలను మాత్రమే ఏరుకుని ముందు చదివేస్తారు. దయచేసి అలా చేయవద్దు. ఎందుకు వద్దంటున్నానో ఒక ఘట్టంతో చూపిస్తాను. (టోల్కీన్ చదవనివారు, చదవాలనుకునేవారు ఈ కింది పేరా వదిలేయండి.)

‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రెండో సంపుటం ‘ది టూ టవర్స్’ రెండు సగాలుగా ఉంటుంది. మొదటి సగంలో ఆరగార్న్, గాండాల్ఫ్ తదితరుల యుద్ధాలు. రెండో సగంలో ఉంగరాన్ని మోసుకుపోతున్న ఫ్రోడో, అతడి సేవకుడు శామ్, వారికి దారి చూపే గొల్లమ్ ముఖ్యంగా ఉంటారు. ఒక సగంలో ఉన్నప్పుడు రెండో సగంవారి సంగతి ఒక్క ముక్క తెలియదు. సంపుటం చివర షీలాబ్ అనే మహా సాలీడు కాటుకు ఫ్రోడో పడిపోతాడు. చనిపోయాడనుకుని శామ్ ఉంగరం తీసుకుంటాడు. శత్రువుల మాటలు చాటుగా విన్న తరువాత గాని యజమాని బతికే ఉన్నాడని అతడికి తెలియదు. అప్పటికే ఫ్రోడోను కోటలోకి మోసుకుపోయి తలుపులు మూసేశారు. సంపుటం అక్కడ ఆగిపోతుంది. మూడో సంపుటం మొదటి సగమంతా మళ్లీ యుద్ధరంగమే. దాని చివర శత్రువు దూత నల్లని ద్వారం ముందుకు వచ్చి ఫ్రోడో తొడుక్కున్న వెండి కవచాన్ని తీసి గాండాల్ఫ్ కళ్లముందు ఆడిస్తాడు. ఫ్రోడో పట్టుబడ్డాడని మనకు తెలుసు, ఆ తరువాత ఏమైందో తెలియదు. గాండాల్ఫ్‌కు పట్టుబడిన సంగతి కూడా తెలియదు. ఆ కవచం చూసినప్పుడు కలిగే దిగ్భ్రాంతి మధ్య సంపుటం అక్కడ తలుపు మూయడం వల్లనే సాధ్యమైంది. శామ్ అధ్యాయాలను ఏరుకుని ముందే చదివేసినవాడికి ఆ ద్వారం ముందు భయపడవలసింది ఏమీ మిగలదు. రెండు కథల మధ్య తెలియనితనాన్ని రచయిత ఎంత జాగ్రత్తగా పంచిపెడతాడో ఈ ఒక్క ఘట్టంలో కనిపిస్తుంది.

నడక నెమ్మదిగా ఉండడానికి ఇంకొక కారణం ప్రయాణమే. మన్ననూరు దాటి నల్లమల ఎక్కిన తరువాత వెనక వదిలిన ఊరు కనబడదు, ముందున్న శ్రీశైలం కనబడదు, మలుపులే కనబడతాయి. మధ్య సంపుటం కూడా అంతే. ఆ మలుపుల్లో ఇద్దరు మనుషులు నిప్పు దగ్గర కూర్చుని మాట్లాడుకునే పేజీలను మీరు వేగంగా తిప్పేస్తుంటే వేగం తగ్గించండి. చివరి సంపుటంలో ఎవరు ఎవరిని మోసం చేస్తారో, ఎవరు ఎవరికోసం ప్రాణమిస్తారో వాటికి మూలాలు చాలావరకు ఆ మాటల్లోనే ఉంటాయి.

ఇక చీకటి. ఇది మీరు అడిగినవాటిలో అన్నిటికంటే బరువైన ప్రశ్న. డార్క్ ఫాంటసీలో హింస, మరణం, ద్రోహం ఉంటాయి. వాటి పరిమాణాన్ని బట్టి పుస్తకాన్ని తూచడం సరికాదు. నేను చూసేది ఒక్కటి. క్రూరమైన ఘట్టం అయిపోయిన తరువాత రచయిత ఏం చేస్తున్నాడు? చనిపోయినవాడిని తరువాతి రెండు మూడు అధ్యాయాల్లో ఎవరైనా తలుచుకుంటున్నారా? దెబ్బ తిన్న మనిషి నడకలో, మాటలో, నిద్రలో ఆ దెబ్బ కనిపిస్తున్నదా? పైన చెప్పిన టెనార్ చిన్న వయసులోనే, పూజారిణి హోదాలో, ముగ్గురు ఖైదీలను చీకట్లో ఆకలితో చంపించే ఆజ్ఞ ఇస్తుంది. ఘోరమైన ఘట్టమే. రచయిత్రి మాత్రం దాన్ని అక్కడితో వదలలేదు. ఆ ఖైదీలు ఆమె కలల్లోకి వస్తారు. వాళ్లకు తిండి, నీళ్లు తీసుకుపోతున్నట్టు కలవరపడుతుంది. గెడ్ అదే చీకట్లో దాహంతో పడిపోయినప్పుడు ఆమె నీళ్లు ఇవ్వడానికి వెనక ఈ కలలు ఉన్నాయని నేను నమ్ముతాను. ఇటువంటి చీకటికి పని ఉంది. ఊరు తగలబడినా, పసివాళ్లు చచ్చిపోయినా మరుసటి అధ్యాయంలో ఎవరికీ జ్ఞాపకం లేకుండా, ఇంకా ఘోరమైనది చూపించడానికే పరుగెత్తే పుస్తకమైతే అందులో మరణం అలంకారం మాత్రమే. అలాంటిదాన్ని మధ్యలో ఆపేయడానికి సంకోచించనక్కరలేదు.

మంచి పుస్తకమైనా మిమ్మల్ని రాత్రిళ్లు కలవరపెడుతుంటే పగటిపూట చదవండి. భరించలేని రెండు పేజీలను దాటి ముందుకు పోయినా పుస్తకానికి అన్యాయం జరగదు. మీ ఇంట్లోనో, మీ ఆప్తుల్లోనో జరిగిన దుఃఖాన్ని ఆ ఘట్టం తవ్వి తీస్తున్నదనిపిస్తే మాత్రం అప్పటికి మూసి, మనసు కుదుటపడిన తరువాత తెరవండి.

చదివే పద్ధతి గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతంలో తెలుగు మాధ్యమం నుంచి వచ్చి ఇంగ్లీషు నవలలు పట్టుకునే పిల్లలు ఈ తరహా పుస్తకాల్లో అనవసరంగా అలసిపోతారు. కల్పిత లోకపు పేర్లు, ఆయుధాలు, తెగలు, నెలలు డిక్షనరీలో దొరకవు. తెలియని మాటకు పెద్ద అక్షరం ఉంటే అది చాలావరకు రచయిత సృష్టించినదే, సందర్భాన్ని బట్టి అదే అర్థమవుతుంది, వదిలేయండి. చిన్న అక్షరంతో ఉండి, ఒకే అధ్యాయంలో మూడోసారి ఎదురైన మాటకు మాత్రమే అర్థం చూడండి. ఒక నోటు పుస్తకంలో పాత్రకు ఒక పేజీ కేటాయించి, అధ్యాయం ముగిసినప్పుడల్లా ఆ మనిషి ఇప్పుడు ఎక్కడ ఉన్నాడు, ఎవరి తోడు ఉన్నాడు, ఏం కోరుకుంటున్నాడు, ఏం దాస్తున్నాడు అని తెలుగులోనే ఒక్కొక్క వాక్యం రాయండి. నాలుగో ప్రశ్న ముఖ్యమైనది. మధ్య సంపుటంలో దాదాపు ప్రతి పాత్రా తోటివారి దగ్గర ఏదో ఒకటి దాస్తుంది. లోపల పటం ఉంటే దాని మీద పెన్సిలుతో దారులు గీసుకోండి.

ముగింపు గురించి ముందే హెచ్చరిస్తున్నాను. మధ్య సంపుటాలు తరచుగా గండంలో ఆగిపోతాయి. స్టీఫెన్ కింగ్ ‘ది డార్క్ టవర్’ వరుసలో 1991లో వచ్చిన మూడో సంపుటం, మాట్లాడే రైలులో చిక్కుకున్న బృందం ప్రాణాలను పొడుపుకథల మీద పందెం కాసిన చోట ఆగింది. ఆ పందెం ఏమైందో తెలుసుకోవడానికి పాఠకులు 1997 దాకా కాచుకోవలసి వచ్చింది. ఆ తరువాతి సంపుటంలోనూ పందెం తేలిన వెంటనే కథ చాలా భాగం నాయకుడి యవ్వనంలోకి వెళ్లిపోతుంది. కాబట్టి మీరు మూడో సంపుటం ఎక్కడ దొరుకుతుందో, అసలు నాలుగూ అచ్చులో ఉన్నాయో లేదో ఇప్పుడే విచారించి పెట్టుకోండి. మీది తన కాళ్ల మీద నిలబడే సంపుటమే అయి, మొదటి సంపుటం ఈలోగా దొరికితే, రెండోది పూర్తయిన తరువాత చదవండి. వెనక్కి వెళ్లి చదవడం వల్ల ఉత్కంఠ కొంత తగ్గుతుంది గాని, మీకు ఇప్పటికే తెలిసిన మనుషులు ఇంకా దెబ్బ తినని రోజుల్లో నవ్వుతూ కనిపిస్తారు. ఆ అనుభవం వరుసగా చదివినవారికి దొరకదు.

మీ తమ్ముడికి ఈ పుస్తకం ఇప్పుడు ఇవ్వవద్దు. మీరు రాసిన ఘట్టాలను బట్టి చూస్తే అది పెద్దవారి కోసం రాసినది, పైగా నడిమి నుంచి అందుకోవడానికి కావలసిన ఓపిక ఆ వయసులో అందరికీ ఉండదు. మాంత్రికులు, పాడుబడిన కోటలు, నరభక్షకులు, అడవి దారులు కావాలంటే దాసరి సుబ్రహ్మణ్యం గారు ‘చందమామ’లో 1954 నుంచి రాసిన సీరియళ్లు ఉన్నాయి. ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ‘కంచుకోట’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’ వంటివి చదివించండి. వాటిలో కొన్ని పుస్తకాలుగా కూడా వచ్చాయి. భయం ఉంటుంది, సాహసం ఉంటుంది, చిత్రకారుడు ‘చిత్ర’ గారి బొమ్మలు ఉంటాయి, చెప్పే తెలుగు తేటగా ఉంటుంది. అవి రుచించి, ఇంకా కావాలని అతడే అడిగితే లెగ్విన్ మొదటి పుస్తకం ఇవ్వండి. మీ చేతిలో ఉన్నది ఇంటర్మీడియట్‌కు వచ్చిన తరువాత, అది కూడా మొదటి సంపుటంతో కలిపి ఇవ్వవచ్చు.